బయట విషవాయువు లీకైతే ఇంట్లోనే క్షేమంగా ఉండడం ఎలా?

ఎక్కడైనా ఫ్యాక్టరీలో గ్యాస్ లీకైందనో, కెమికల్ ట్యాంకర్ బోల్తా పడిందనో వార్త వస్తే చాలు, పాఠకుల నుంచి మళ్లీ అదే ప్రశ్న: "అలాంటప్పుడు పరుగెత్తాలా, తలుపులు వేసుకుని లోపలే ఉండాలా?" లోపలే ఉండమంటే వెంటనే రెండో ప్రశ్న: "మామూలు ఇల్లు గ్యాస్‌ను ఆపుతుందా?"

పూర్తిగా ఆపదు. కానీ లోపలికి రావడాన్ని బాగా ఆలస్యం చేస్తుంది. మీకు కావలసింది ఆ ఆలస్యమే. గాలిలో కలిసిన రసాయనం చాలా సందర్భాల్లో కొన్ని గంటల్లో చెదిరి పలచబడుతుంది. అన్నీ మూసి ఉన్న ఇంట్లోకి బయటి గాలి మెల్లగా జొరబడుతుంది కాబట్టి, బయట మేఘం దట్టంగా ఉన్న సమయంలో లోపల దాని మోతాదు తక్కువగా ఉంటుంది. 1984 డిసెంబరు 2–3 రాత్రి భోపాల్‌లో మిథైల్ ఐసోసైనేట్ లీకైనప్పుడు వీధుల్లో పరుగెత్తినవాళ్లు రొప్పుతూ ఆ గాలినే ఇంకా లోతుగా పీల్చుకున్నారు. గాలి ఎటు వీస్తోందో చీకట్లో ఎవరికీ తెలియదు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నంలో స్టైరీన్ ఆవిరి కమ్మినప్పుడు కూడా జనం నిద్రలో ఉన్నారు. ఇలాంటివి సిద్ధమయ్యే టైమ్ ఇచ్చి రావు. అందుకే ఇప్పుడు, ఏ టెన్షనూ లేనప్పుడు, ఇది చదివి ఒక గది చూసి పెట్టుకోండి.

ముందు తేల్చుకోవాల్సింది: ఉండాలా, వెళ్లాలా?

ఫోన్‌కు వచ్చే అలర్టు, రేడియో, టీవీ, మైకు ప్రకటన, వీటిలో ఏది "ఖాళీ చేయండి" అన్నా ఖాళీ చేయండి. చెప్పిన దారిలోనే వెళ్లండి. ఈ వ్యాసం చదివాను కదా అని తలుపులు మూసుకుని కూర్చోవద్దు. "ఇళ్లలోనే ఉండండి" అంటే కింది పద్ధతి పాటించండి. ఏ సమాచారమూ లేకుండా బయట ఘాటు వాసన, వింత రంగు పొగ, పక్షులు రాలిపడటం, జనం కళ్లు మండి దగ్గడం లాంటివి కనిపిస్తే ముందు లోపలికి వెళ్లి తలుపులు వేయండి, తర్వాత సమాచారం వెతకండి.

ఈ కింది సందర్భాల్లో మాత్రం లోపల ఉండకూడదు:

- లీకు మీ ఇంట్లోనే, మీ భవనంలోనే ఉంటే. వంటగ్యాస్ వాసన వస్తే స్విచ్చులు వేయడం, ఆపడం చేయకుండా, వీలైతే సిలిండర్ రెగ్యులేటర్ ఆపి, తలుపులు తెరిచి బయటికి వెళ్లిపోవాలి. ఆ గ్యాస్‌ను లోపల బంధిస్తే పేలుతుంది.
- భవనానికి మంటలు అంటుకుంటే, లేదా మంటలు మీ వైపు వస్తుంటే.
- మీరున్నది రేకుల షెడ్డో, పూరిల్లో, గుడారమో అయితే. వాటికి అన్నీ సందులే. దగ్గర్లో ఉన్న గట్టి భవనంలోకి వెళ్లండి. ఆ భవనం ఏదో, అందులోకి రానిస్తారో లేదో ముందే కనుక్కుని ఉంచండి.

గదిని ఇలా ఎంచుకోండి

తుఫానుకు, సుడిగాలికి కింది అంతస్తు మంచిది. రసాయనానికి ఆ లెక్క తిరగబడుతుంది. ప్రమాదకరమైన వాయువుల్లో చాలావరకు గాలికంటే బరువైనవి. క్లోరిన్ దాదాపు రెండున్నర రెట్లు బరువు. నేలబారున పాకి పల్లంలో, సెల్లార్లలో చేరుతుంది. అమోనియా గాలికంటే తేలికే అయినా, ట్యాంకు నుంచి ఒత్తిడితో ఎగజిమ్మినప్పుడు చల్లని మంచులా అదీ నేలను పట్టుకుని పాకగలదు. కాబట్టి సెల్లార్ వద్దు. పై అంతస్తు ఉంటే పైనే. అపార్ట్‌మెంట్‌లో ఉన్నవాళ్లు తమ ఫ్లాట్‌లోనే లోపలి గది చూసుకుంటే సరిపోతుంది.

కిటికీలు తక్కువ ఉన్న గది, వీలైతే బయటి గోడలు కూడా తక్కువ ఉన్న గది కావాలి. బాత్‌రూమ్ అటాచ్డ్‌గా ఉంటే నీళ్లకు, టాయిలెట్‌కు ఇబ్బంది ఉండదు. కానీ ఆ బాత్‌రూమ్ కిటికీ, ఎగ్జాస్ట్ ఫ్యాను కూడా మీరు మూయాల్సిన వాటిలో చేరతాయి. ముఖ్యంగా గాజు పలకలు ఒకదానిమీద ఒకటి వాలి ఉండే బాత్‌రూమ్ కిటికీ ఎంత మూసినా మూసినట్టు కాదు. దానికి ప్లాస్టిక్ షీటు తప్పనిసరి.

గది ఎంత పెద్దదుండాలి? మామూలు ఎత్తున్న గదిలో మనిషికి 10 చదరపు అడుగుల నేల ఉంటే, పూర్తిగా మూసినా దాదాపు 5 గంటలు ఊపిరికి ఇబ్బంది ఉండదని లెక్క. 10 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు గది అంటే 100 చదరపు అడుగులు. నలుగురున్న కుటుంబానికి అది ధారాళం. "అన్నీ మూసేస్తే ఊపిరాడక పోతామేమో" అని భయపడి కిటికీ ఓరగా తెరిచి పెట్టేవాళ్లు ఈ లెక్క గుర్తుంచుకోవాలి.

కావలసినవి

ఇవన్నీ ఒక సంచిలో, ఎంచుకున్న గదిలోనే ఉండాలి. ఇల్లంతా వెతికే టైమ్ ఉండదు.

- ప్లాస్టిక్ షీటు: 0.1 మిల్లీమీటర్ల మందం ఉంటే మంచిది. చేత్తో లాగితే సాగి చిరిగిపోయే పల్చటి కవరు పనికిరాదు. దొరక్కపోతే పెద్ద చెత్త కవర్లను అంచుల వెంట కోసి, తెరిచి, రెండు పొరలుగా వాడవచ్చు.
- డక్ట్ టేపు, రెండు రోల్స్. లేకపోతే పార్సిల్ కట్టే వెడల్పాటి గోధుమరంగు టేపు. సన్నని సెల్లో టేపు, పెయింటింగ్‌కు వాడే కాగితపు టేపు ఊడిపోతాయి.
- కత్తెర, పాత తువ్వాళ్లు నాలుగైదు, పొడిగుడ్డ ఒకటి.
- బ్యాటరీ రేడియో, టార్చి, పవర్ బ్యాంక్, ఛార్జర్ వైరు.
- మూత బిగించిన సీసాల్లో తాగునీళ్లు. ప్యాకెట్ విప్పని తినుబండారాలు.
- రోజూ వేసుకునే మందులు, ఆస్తమా ఉన్నవాళ్లకు ఇన్‌హేలర్, పసిపిల్లలకు కావలసినవి.
- అటాచ్డ్ బాత్‌రూమ్ లేకపోతే మూత ఉన్న బకెట్టు.
- మార్కర్ పెన్ను, ఫోన్ నంబర్లు రాసిన కాగితం.

ప్లాస్టిక్‌ను ఆ రోజు కోయాలనుకోవద్దు. ఇప్పుడే ప్రతి కిటికీ, తలుపు, ఎగ్జాస్ట్ రంధ్రం కొలిచి, అన్ని వైపులా నాలుగైదు అంగుళాలు ఎక్కువ ఉండేలా కోసి పెట్టండి. ముక్క మీద మార్కర్‌తో "తలుపు", "పెద్ద కిటికీ", "బాత్‌రూమ్ ఫ్యాను" అని రాసి, ఏది పైకి రావాలో బాణం గుర్తు వేయండి. చీకట్లో, పిల్లలు ఏడుస్తుంటే, చేతులు వణుకుతుంటే ఆ రెండు అక్షరాలే దారి చూపిస్తాయి.

చేయాల్సిన వరుస

1. అందరినీ లోపలికి పిలవండి. పెంపుడు జంతువులను కూడా. బయట ఉన్న వస్తువుల కోసం, ఆరేసిన బట్టల కోసం, బండి పక్కకు పెట్టడం కోసం ఎవరూ వెళ్లకూడదు.

2. ఇంటి మొత్తం తలుపులు, కిటికీలు మూసి గడియ పెట్టండి. గడియ పెట్టడం దొంగల కోసం కాదు. గడియ పడితే రెక్క చౌకట్టుకు బిగిసి సందు తగ్గుతుంది. గాలి ఏ దిక్కు నుంచి వస్తోందో తెలిస్తే ముందు ఆ వైపు కిటికీలు వేయండి. పేలుడు ప్రమాదం ఉందని చెబితే కర్టెన్లు కూడా లాగి, అద్దాలకు దూరంగా ఉండండి.

3. గాలిని లాగేవి, తోసేవి అన్నీ ఆపండి. ఏసీ, కూలర్, ఎగ్జాస్ట్ ఫ్యాన్లు, వంటగది చిమ్నీ, సీలింగ్ ఫ్యాన్లు. కూలర్ బయటి గాలిని నేరుగా లోపలికి తోస్తుంది కాబట్టి అన్నిటికంటే ముందు ఆపాల్సింది అదే. ఎగ్జాస్ట్ ఫ్యాను విషయంలో చాలామంది "అది లోపలి గాలిని బయటికే కదా పంపేది" అనుకుంటారు. నిజమే, కానీ బయటికి పోయిన గాలి స్థానంలో అంతే గాలి ప్రతి సందులోంచీ లోపలికి వస్తుంది. స్టవ్ కూడా ఆర్పేయండి.

4. అందరూ ఎంచుకున్న గదిలోకి వెళ్లి తలుపు వేయండి. వెళ్లేటప్పుడు ఫోన్లు తీసుకోండి.

ఇక్కడి వరకు మహా అయితే ఐదారు నిమిషాల పని. రక్షణలో పెద్ద భాగం మీకు ఇప్పటికే దక్కింది. టేపు లేనివాళ్లు, ప్లాస్టిక్ కొనలేనివాళ్లు ఈ నాలుగు పనులు వెంటనే చేసినా ఎంతో మేలు. టేపు పని దీని తర్వాతే.

5. తలుపు కింది సందులో తడిపి పిండిన తువ్వాలు గట్టిగా కూరండి. నీళ్లు కారేంత తడి వద్దు. నీళ్లు కారితే పక్కన టేపు అంటదు. తర్వాత తలుపు చుట్టూ చౌకట్టు మీద టేపు వేయండి. తాళం రంధ్రం మరిచిపోవద్దు.

6. కిటికీలకు ప్లాస్టిక్ అతికించండి. ముందు పొడిగుడ్డతో అంచులు తుడవండి, దుమ్ము మీద ఏ టేపూ నిలవదు. సున్నం వేసిన గోడ మీద, పెచ్చులూడే పెయింటు మీద వేస్తే టేపుతోపాటు పొర ఊడి చేతికొస్తుంది. అందుకే వీలైనంతవరకు చెక్క లేదా ఇనుప చౌకట్టు మీదే అతికించాలి. ముందు పైఅంచు, తర్వాత రెండు పక్కలు, చివర కిందిఅంచు. ఒకరు షీటు పట్టుకుంటే ఒకరు టేపు వేయాలి. షీటును బిగుతుగా లాగొద్దు. కొద్దిగా వదులుంటే గాలి ఒత్తిడికి ఉబ్బినా అంచు ఊడదు. మూలల దగ్గర టేపు ఒకదాని మీద ఒకటి ఎక్కేలా వేసి బొటనవేలితో గట్టిగా రుద్దండి.

7. చిన్న రంధ్రాలు వెతకండి. తలుపు పైన వెంటిలేటర్, ఏసీ పైపు గోడలోకి వెళ్లే చోటు, విండో ఏసీ చుట్టూ ఉన్న సందు, కేబుల్ వైర్లు వచ్చే రంధ్రం, బయటి గోడకున్న స్విచ్‌బోర్డు, అటక తలుపు. విండో ఏసీ ఉంటే ఆపేసి దాని ముఖం మొత్తాన్ని ప్లాస్టిక్‌తో కప్పాలి. బాత్‌రూమ్ నేల మీది జాలీలో, సింకులో ఒక మగ్గు నీళ్లు పోయండి. కింద వంపులో నీళ్లు నిలిచి ఉంటే గొట్టం గుండా గాలి పైకి రాదు. చాలాకాలం వాడని బాత్‌రూమ్‌లో ఆ నీళ్లు ఎండిపోయి ఉంటాయి.

8. నెమ్మదిగా కూర్చోండి, సమాచారం వినండి. రేడియో, ఫోన్ అలర్టులు చూస్తూ ఉండండి. అత్యవసర నంబరుకు మీ ఇంట్లో ఎవరికైనా ప్రమాదం ఉంటేనే చేయండి. మీ క్షేమం చెప్పడానికి కాల్ కంటే మెసేజ్ మేలు, నెట్‌వర్క్ రద్దీగా ఉన్నా వెళ్లే అవకాశం ఎక్కువ. అటూ ఇటూ తిరగకండి, కష్టమైన పనులు చేయకండి. ఎంత కదిలితే అంత గాలి పీలుస్తారు.

9. మూతపెట్టిన సీసాల్లోని నీళ్లే తాగండి. కుళాయి నీళ్లు తాగవచ్చని అధికారులు చెప్పేదాకా ఆగండి. ఫ్యాను లేక, కిటికీ తెరవక గది త్వరగా వేడెక్కుతుంది. ఎండాకాలంలో రసాయనం కంటే ముందు ఈ ఉక్కే పెద్దవాళ్లను, పసిపిల్లలను ఇబ్బంది పెడుతుంది. వాళ్లకు పల్చటి బట్టలు వేసి, కొంచెం కొంచెంగా నీళ్లు తాగిస్తూ ఉండండి.

ప్రాణం మీదికి తెచ్చే ఒక పొరపాటు

మూసిన గదిలో ఏదీ వెలిగించవద్దు. కొవ్వొత్తి, దీపం, కుంపటి, గ్యాస్ స్టవ్, దోమల చక్రం, సిగరెట్టు, ఏదీ వద్దు. జనరేటర్ మాట సరేసరి. మంట మీ ఆక్సిజన్‌నే తింటుంది, బొగ్గు కార్బన్ మోనాక్సైడ్‌ను విడుస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. 2003లో ఇజ్రాయెల్‌లో రసాయన దాడి జరుగుతుందన్న భయంతో మూసుకున్న గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని ఒక తల్లి, ఆమె ఇద్దరు కొడుకులు చనిపోయారు. బయట ఏ దాడీ జరగలేదు. వెలుతురుకు టార్చి, చలికి దుప్పటి, అంతే.

మిగతా తప్పులు

వాసనను నమ్ముకోవడం. "ఇప్పుడు వాసన రావట్లేదు, తగ్గినట్టుంది" అని కిటికీ తెరిచేస్తారు. హైడ్రోజన్ సల్ఫైడ్‌కు కుళ్లిన కోడిగుడ్ల వాసన ఉంటుంది, కానీ మోతాదు పెరిగితే ముక్కే పసిగట్టడం మానేస్తుంది. వాసన ఆగిపోవడం అక్కడ మరింత చెడ్డ గుర్తు కావచ్చు. అధికారుల మాటే ఆధారం, ముక్కు కాదు.

డాబా ఎక్కి చూడడం, వీడియో తీయడం. ఒక్కరు తలుపు తెరిచినా లోపలున్న అందరి గాలీ చెడుతుంది.

పిల్లల్ని తీసుకురావడానికి స్కూలుకు పరుగెత్తడం. కడుపు తీపి అర్థం చేసుకోగలను, ఇది ఆపుకోవడం చాలా కష్టం. కానీ స్కూలు కూడా అదే సమయంలో తలుపులు మూసి పిల్లల్ని లోపల ఉంచుతుంది. మీరు దారిలో మేఘంలో చిక్కుకుంటారు, గేటు తెరిపించి అక్కడున్న పిల్లలందరినీ ప్రమాదంలో పెడతారు, తర్వాత మీ బిడ్డను అదే గాలిలో నడిపించుకు రావాల్సి వస్తుంది. ఇలాంటప్పుడు ఏం చేస్తారో స్కూలువాళ్లను ముందే అడిగి తెలుసుకోండి. వాళ్ల దగ్గర ప్లాన్ లేకపోతే తల్లిదండ్రులంతా కలిసి పెట్టించండి.

మాస్కు మీద భరోసా. ఎన్95 మాస్కు దుమ్మును, తుంపరలను ఆపుతుంది. వాయువు అందులోంచి దర్జాగా వస్తుంది. ఇంట్లో వాడే మామూలు ఎయిర్ ప్యూరిఫయర్ కూడా అంతే, దాన్ని నమ్ముకుని సందులు వదిలేయొద్దు. తడిగుడ్డ అడ్డం పెట్టుకుంటే నీళ్లలో కరిగే అమోనియా లాంటివి కొంత తగ్గుతాయి. అది గది దాకా చేరడానికి సాయమే గాని, దానితో బయట తిరగడానికి కాదు.

ఎవరైనా ఆలస్యంగా వచ్చి తలుపు కొడితే ఏం చేయాలని కూడా అడుగుతుంటారు. తెరవండి, మనిషిని బయట వదిలేయలేం. కానీ రెండు తలుపులు ఒకేసారి తెరిచి ఉండకూడదు. మీ గది తలుపు మూసే ఉంచి, ఆ మనిషిని ఇంటి బయటి తలుపు గుండా హాల్లోకి రానిచ్చి, ఆ తలుపు వేయించండి. వీధి తలుపు తీయడానికి ఎవరైనా గది దాటి వెళ్లాల్సి వస్తే ముక్కుకు తడిగుడ్డ పెట్టుకుని ఒక్కరే వెళ్లాలి. వచ్చినవాళ్లు పైబట్టలు హాల్లోనే విడిచి, ముఖం చేతులు కడుక్కుని అప్పుడు లోపలి గదిలోకి రావాలి. టీషర్టు లాంటిది తల మీదుగా లాగితే దాని మీదున్నదంతా ముఖానికి రాసుకుంటుంది. కత్తిరించి తీయడమే మంచిది. విడిచిన బట్టలు కవర్లో వేసి మూతి కట్టి, ఆ కవరును ఇంకో కవర్లో పెట్టండి. చర్మాన్ని సబ్బుతో, ధారాళంగా నీళ్లు పోసి కడగాలి, గట్టిగా రుద్దొద్దు. కళ్లు మండితే 15 నిమిషాల పాటు మంచినీళ్లతో కడుగుతూనే ఉండాలి. కాంటాక్ట్ లెన్సులు తీసేయాలి, మళ్లీ పెట్టుకోకూడదు.

గది సరిగా మూసిందో లేదో ఎలా తెలుస్తుంది?

ఇది ముందే, మామూలు రోజున చేసి చూడాల్సిన పని.

రాత్రి గదిలో లైట్లు ఆర్పి తలుపు, కిటికీలు మూసి మీరు లోపల ఉండండి. ఇంకొకరు బయటి నుంచి తలుపు అంచుల వెంట, కిటికీ చుట్టూ టార్చి నెమ్మదిగా తిప్పాలి. వెలుగు గీత కనపడిన చోటల్లా గాలి వచ్చే దారే. మార్కర్‌తో గుర్తు పెట్టుకోండి.

వెలుగు వంకర సందుల్లోంచి రాదు, గాలి వస్తుంది. అందుకని రెండో పరీక్ష: గాలి బాగా వీచే రోజున అగరొత్తి వెలిగించి, దాని పొగను సందుల దగ్గర, స్విచ్‌బోర్డు దగ్గర, పైపు రంధ్రం దగ్గర పట్టి చూడండి. పొగ నిటారుగా లేస్తే సరే. పక్కకు వంగినా, చెదిరినా అక్కడ గాలి ఆడుతున్నట్టే. దీన్ని రిహార్సల్ రోజున మాత్రమే చేయాలి. నిజంగా లీకైన రోజున దాని బదులు టిష్యూ పేపరును సన్నగా చింపి సందు దగ్గర వేలాడదీసి చూడండి, కదిలితే టేపు వేయండి.

కుటుంబమంతా కలిసి ఒకసారి టైమ్ పెట్టుకుని చేయండి. ఇల్లు మూసి, గదికి చేరి, ప్లాస్టిక్ అతికించడం మొత్తం పది నిమిషాల్లో అయిపోతే మీరు సిద్ధంగా ఉన్నట్టు. ఎక్కువ పడితే ఎక్కడ ఆలస్యమైందో చూడండి. సాధారణంగా షీటు కోయడం దగ్గరో, కత్తెర వెతకడం దగ్గరో అవుతుంది. ఎవరు ఏ కిటికీ వేయాలో పంచుకోండి. పదేళ్ల పిల్లలకు కూడా ఏసీ, ఫ్యాన్ల స్విచ్చులు ఆపే పని ఇవ్వవచ్చు. పని ఉంటే వాళ్లకు భయం తగ్గుతుంది.

లోపలికే వాసన వస్తే, కళ్లు మండితే

కంగారుపడి తలుపు తీయవద్దు. బయట మోతాదు లోపలికంటే చాలా ఎక్కువ ఉంటుంది. గుడ్డను తడిపి, పిండి, మడతలు పెట్టి ముక్కు, నోరు కప్పుకోండి. చిన్న చిన్న ఊపిరులు తీసుకోండి. ఒకరు సందులు వెతికి మూయండి. ఇంటికి రెండోవైపున, గాలి వీచే దిక్కుకు దూరంగా ఇంకో గది ఉంటే అక్కడికి మారవచ్చు. అత్యవసర నంబరుకు ఫోన్ చేసి, ఎక్కడున్నారో, ఎంతమంది ఉన్నారో, ఎవరికి ఎలా ఉందో చెప్పండి.

గంటలు గడిచాక కళ్లలో, గొంతులో ఏ మంటా లేకుండా అందరికీ తలనొప్పి, మత్తు, ఆయాసం మొదలైతే అది లోపల గాలి పాతబడిన లక్షణం కావచ్చు. అప్పుడు గది తలుపు మాత్రం తీసి, మూసి ఉన్న ఇంట్లోని మిగతా గాలిని కలవనివ్వండి. ఇంటి బయటి తలుపులు, కిటికీలు మూసే ఉండాలి. ఈ సంగతి కూడా అత్యవసర సిబ్బందికి చెప్పండి.

బయట ఉన్నప్పుడు, కారులో ఉన్నప్పుడు

దగ్గర్లో ఉన్న గట్టి భవనంలోకి వెళ్లండి, అది ఎవరిదైనా సరే. భవనమే లేకపోతే గాలి వీచే దిశకు అడ్డంగా, అంటే గాలి మీ ఒక చెవి వైపు తగిలేలా నడవండి. గాలి వెంట వెళ్తే మేఘం మీతోపాటే వస్తుంది. ఎదురు వెళ్తే లీకైన చోటికే చేరవచ్చు. అడ్డంగా వెళ్తేనే దాని వెడల్పు దాటి బయటపడతారు. వీలైతే ఎత్తుకు.

కారులో ఉంటే అద్దాలు ఎక్కించి, ఏసీ, బ్లోయర్ ఆపి, గాలి రంధ్రాలు మూయండి. కారు అంత మంచి రక్షణ కాదు. దగ్గర్లో భవనం కనపడితే కారును రోడ్డు పక్కన, అంబులెన్సులకు అడ్డం లేకుండా ఆపి లోపలికి వెళ్లండి.

బయటికి ఎప్పుడు రావాలి

ఎక్కువమందికి తెలియని భాగం ఇదే. మేఘం దాటిపోయాక బయటి గాలి త్వరగా శుభ్రపడుతుంది. లోపలికి మెల్లగా చేరిన రసాయనం మాత్రం అంతే మెల్లగా పోతుంది. అంటే ఒక దశ తర్వాత బయటికంటే మీ గదిలోనే మోతాదు ఎక్కువ ఉంటుంది. "ఇంకాస్త ఆగుదాం, తెల్లారాక తీద్దాం" అనుకుంటే ఇప్పటిదాకా కాపాడిన గదే హాని చేస్తుంది.

కాబట్టి "ఇక ప్రమాదం లేదు" అని అధికారులు ప్రకటించగానే:

1. ప్లాస్టిక్ పీకేసి గది తలుపు, తర్వాత ఇంటి తలుపులు, కిటికీలు అన్నీ బార్లా తెరవండి.
2. ఫ్యాన్లు, ఎగ్జాస్టులు వేయండి. ఇప్పుడు అవి పనికొస్తాయి.
3. అందరూ బయటికి వచ్చి ఆరుబయట గాలిలో కాసేపు ఉండండి. ఇల్లు బాగా గాలి ఆడాక లోపలికి వెళ్లండి. సెల్లార్‌లోకి, బావులు, సంపుల దగ్గరికి మాత్రం తొందరపడి దిగకండి. బరువైన వాయువు అక్కడ ఆలస్యంగా పోతుంది.
4. మూత లేకుండా ఉన్న తిండి, నీళ్లు పారేయండి. పశువులకు బయటి తొట్టిలో నీళ్లు పెట్టేవాళ్లు వాటిని మార్చండి. తోటలోని ఆకుకూరలు, కూరగాయలు తినవచ్చో లేదో ప్రకటన వచ్చేదాకా కోయకండి.
5. కవర్లలో కట్టిన బట్టలను ఏం చేయాలో సిబ్బందిని అడగండి. వాటిని విప్పి ఇంట్లో బట్టలతో కలిపి ఉతకవద్దు. ఇల్లు తుడిచేటప్పుడు బ్లీచింగును, టాయిలెట్ యాసిడ్‌ను కలపకండి. ఆ రెండూ కలిస్తే పుట్టేది క్లోరినే.

ఆ తర్వాత రెండు రోజులు ఒంటిని గమనించుకోండి. క్లోరిన్, ఫాస్‌జీన్, నైట్రోజన్ డయాక్సైడ్ లాంటివి పీల్చినప్పుడు మొదట కొంచెం దగ్గు వచ్చి తగ్గినట్టే ఉండి, గంటల తర్వాత ఊపిరితిత్తుల్లో నీరు చేరవచ్చు. ఆయాసం, ఛాతీ పట్టేసినట్టుండడం, నురగతో దగ్గు, పడుకుంటే ఊపిరాడకపోవడం, చూపు మసకబారడం, వీటిలో ఏది కనిపించినా "నిన్న బాగానే ఉన్నానుగా" అనుకోకుండా ఆస్పత్రికి వెళ్లండి. లీకైన రసాయనం పేరు తెలిస్తే కాగితం మీద రాసి తీసుకెళ్లి డాక్టరుకు చూపించండి. మీరు ఎంతసేపు, ఎక్కడ ఉన్నారో కూడా చెప్పండి. చికిత్స ఆ వివరాల మీదే ఆధారపడి ఉంటుంది.